చిన్నమ్మ పెట్టుకున్న పతకం

పుదుచ్చేరిలో పెద్ద బజారుకు పక్క సందులో మా నాయనకు దారాలు, బొత్తాలు, లేసులు, రిబ్బన్లు అమ్మే చిన్న అంగడి ఉండేది. మా తాత పెట్టిన అంగడి అది. తాత పోయిన మరుసటి ఏడు, నేను కాలేజీలో చేరిన కొత్తలో, ఒక సాయంత్రం ఆ అంగడి మెట్లెక్కి ఒక పెద్దాయన వచ్చాడు. 1970ల నడిమి సంవత్సరాలవి. కాలేజీ వదలగానే నేను అంగడికి వచ్చి కూర్చుని, దీపాలు పెట్టే వేళకు నాయనతో కలిసి ఇల్లు చేరేదాన్ని. అందువల్ల ఆ మనిషిని మా ఇంటివాళ్ళలో ముందుగా చూసింది నేనూ నాయనా.

ఆయనకు ఒక కాలు మోకాలి కింద కొయ్యది. మెట్టు మీద ఆ కాలు ఆనినప్పుడు ఎవరో తలుపు తట్టినట్టు చప్పుడయింది. ఇస్త్రీ చేసిన తెల్ల పంట్లాం, నెరిసిన గుబురు మీసం. జేబులోంచి చేతిరుమాలు తీసి, మడతలు విప్పి, అందులోని గుండ్రటి వెండి పతకాన్ని బల్ల మీద పెట్టాడు. దాని రిబ్బను బాగా వెలిసిపోయి ఉంది. పసుపు రంగు, రెండు పక్కలా ఆకుపచ్చ అంచు.

"ఇదే రంగులో రిబ్బను దొరుకుతుందా?" అని తమిళంలో అడిగాడు.

నాయన పతకాన్ని చేతిలోకి తీసుకుని అట్లాగే ఉండిపోయాడు. పక్క అంగడివాడు దండెం మీది లుంగీలు దించి మడత పెట్టుకుంటున్నాడు. వీధిలో వెలుతురు నారింజ రంగులోకి తిరిగింది. నాయన మాత్రం పతకం మీది ఆడమనిషి బొమ్మను వేలితో తడుముతూ, ఏదో దూరపు మాట వింటున్నట్టు నిలబడ్డాడు.

"మా దగ్గర రాదండీ ఈ రంగు," అన్నాడు చివరికి. "అయినా ఆదివారం ఒకసారి రండి. చూస్తాను."

ఆయన వెళ్ళిపోయాక అంగడి మూసి ఇద్దరం నడిచాం. ఒర్లియంపేటలోని మా ఇంటికి మామూలుగా మాట్లాడుకుంటూ పోయేవాళ్ళం. ఆ రోజు నాయన నాకంటే ముందు నడిచి, సగం దారిలో ఆగాడు.

"అట్టాంటిది మన ఇంట్లో ఒకటి ఉండాది," అన్నాడు హఠాత్తుగా.

"ఏంది?"

"ఆ పతకమే. మీ చిన్నాయనది. ఇనప్పెట్టెలో."

మా ఊళ్ళో సొల్దా అంటే అందరికీ తెలుసు. ఫ్రెంచివాళ్ళ పటాలంలో చేరి, సముద్రాలు దాటి పోరాడి, పింఛనుతో తిరిగొచ్చినవాళ్ళు. ఏడాదిలో ఒకటి రెండు సార్లు వాళ్ళంతా కోట్లు తొడుక్కుని, గుండెల మీద వరసగా పతకాలు పెట్టుకుని, సముద్రపు ఒడ్డున యుద్ధ స్మారకం దగ్గరికి వచ్చేవాళ్ళు. చిన్నప్పుడు వాళ్ళను చూడటానికి పరిగెత్తేదాన్ని. ఉప్పుగాలిలో ఆ పతకాలు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగేవి. ఎద్దుల మెడలోని మువ్వలు ఎక్కడో పొలిమేరలో వినిపించినట్టు ఉండేది. వాళ్ళలో మా ఇంటి మనిషి కూడా ఒకడు ఉండవలసిందని ఎవరూ నాకు చెప్పలేదు.

చిన్నాయన సంగతి అంటే మా ఇంట్లో చిన్నమ్మ సంగతి. తాత రెండో కోడలామె. నేను పుట్టేనాటికే తెల్ల చీరలో ఉంది. పొద్దున్నే వాకిట్లో ముగ్గు పెట్టేది ఆమే, మధ్యాహ్నం అవ్వ కాళ్ళు పట్టేది ఆమే. పెళ్ళిళ్ళకు పోయేది కాదు. నాకు జడ వేస్తూ ఎప్పుడైనా ఒక మాట అనేది, "మీ చిన్నాయనతో నేను ఒకే ఒక వానకాలం కాపరం జేసినా," అని. ఆ వానకాలమంతా వాళ్ళిద్దరూ సాయంత్రాలు రేవు వంతెన మీదికి నడిచిపోయేవాళ్ళట. చిన్నాయనకు లేసులు కొలిచే పని నచ్చలేదు. ఓడలంటే ప్రాణం. వానలు తగ్గగానే పటాలంలో పేరు రాయించుకుని ఇండో చైనాకు పోయే ఓడ ఎక్కాడు. తిరిగి రాలేదు. ఆయన ఓడెక్కిన వంతెన కూడా తుఫానులో కూలిపోయింది. నా చిన్నతనానికి సముద్రంలో దాని ఇనప స్తంభాలు మాత్రం కొన్ని మిగిలాయి. మబ్బు పట్టిన రోజుల్లో అవి నీళ్ళలో నడిచిపోతున్న మనుషుల్లా కనిపించేవి.

చిన్నాయన పోయాడన్న కబురు, ఆ వెనకే పతకం వచ్చినప్పుడు మా తాత చేసిన పని ఒక్కటే. పతకాన్ని డబ్బాతో సహా ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. అవ్వకు చూపించలేదు. కోడలికీ ఇవ్వలేదు. తాత ఉన్నన్నాళ్ళూ ఎవరూ అడగలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, అవ్వ కునుకు తీస్తుండగా, నాయన ఆ డబ్బా తెచ్చి చిన్నమ్మ చేతిలో పెట్టాడు. వెనకింట్లో పెరటి గడప మీద కూర్చుని ఉందామె. మూత తీసింది. ఇన్నేళ్ళు చీకట్లో ఉన్నందుకు ఆ రిబ్బను నిన్న నేసినట్టుంది.

"దీని మాట నాకు తెలుసు బావా," అంది చిన్నమ్మ. "వచ్చిన రోజు మామ గదిలో నుంచి విన్నా. ఎట్టుంటాదో అనుకుంటా ఉన్నా, ఇన్నాళ్ళూ."

"అడగొచ్చు గదమ్మా."

"ఎవుర్ని అడిగేది?"

ఆమె ఏడవలేదు. పతకాన్ని అరచేతిలో పెట్టుకుని, ఎండలోకి చెయ్యి చాపి, వెలుతురు దాని మీద ఆడటం చూస్తూ కూర్చుంది. గోడ మీద ఒక చిన్న వెలుగు చుక్క కదిలింది. బావి గట్టు మీదా, తులసికోట మీదా, నా ఒళ్ళోనూ కాసేపు కాసేపు వాలింది. ఆ మధ్యాహ్నం ఎంత పొడుగుగా సాగిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

సాయంత్రం ఆ పెద్దాయన అంగడికి వచ్చాడు. నాయన ఆదివారం మూసిన తలుపు ఆయన కోసమే సగం తీసి ఉంచాడు. తమ్ముడి పేరు చెప్పి తెలుసా అని అడిగాడు. ఆయన కొయ్యకాలు చాపుకుని ముక్కాలి పీట మీద కూర్చున్నాడు.

"రిబ్బను నాకు ఫ్రాన్సు నుంచి తెప్పించుకోవడం తెలుసు," అన్నాడు. "మీ మెట్టెక్కడానికి ఒక సాకు కావలసి వచ్చింది. అప్పట్లో ఆసుపత్రి నుంచి రాగానే ఒకసారి మీ ఇంటికి వచ్చాను. మీ నాయన వీధిలోనే చేతులు పట్టుకుని, మా ఇంటిది నిన్ను చూస్తే తట్టుకోలేదయ్యా, మళ్ళీ రావద్దని బతిమాలుకున్నాడు. ఆ తరవాత నేను ఫ్రాన్సుకే పోయి చాలా ఏళ్ళు ఉండిపోయాను. ఇప్పుడు ముసలితనానికి ఊరు చేరాను. ముత్తియాల్‌పేటలో ఒక గది తీసుకుని ఉంటున్నాను. మీ నాయన పోయాడని విన్నాను."

నాయన ఆయన్ను మరుసటి ఆదివారం భోజనానికి పిలిచాడు. క్రైస్తవుడాయన. ముందుగా గుడికి పోయి, అక్కడి నుంచి రిక్షాలో వచ్చాడు. అవ్వకు నాయన చెప్పింది అంగడికి వచ్చే పెద్దమనిషి అని మాత్రమే. కొయ్యకాలు ఒకసారి చూసి అవ్వ స్తంభానికి ఆనుకుని, పత్తి ముందు పెట్టుకుని వత్తులు చేసుకుంటూ ఉంది. ఆయన కింద కూర్చోలేడని నా చదువుకునే బల్ల మీద ఆకు వేశాం. చిన్నమ్మ వడ్డిస్తోంది. మాటలన్నీ తమిళంలోనే సాగుతున్నాయి. పప్పు అయింది, చారు అయింది. అప్పుడాయన, మా ఇంటి భాషలో మాట్లాడితే మర్యాదగా ఉంటుందని కాబోలు, తెలుగులో అన్నాడు.

"కొంచెం పెలుగు వెయ్యమ్మా."

అవ్వ చేతిలో వత్తి ఆగిపోయింది.

"ఏమన్నావు నాయనా?"

"పెలుగు," అన్నాడాయన, తప్పేమైనా పలికానా అన్నట్టు చిన్నమ్మ వైపు చూసి. "పెలుగు అంటే ఇదే కదా?"

మా చిన్నాయనకు చిన్నప్పటి నుంచీ ర పలికేది కాదని ఆ రోజే నాకు తెలిసింది. పెద్దయ్యాక కూడా పెరుగును పెలుగు అనే అనేవాడట. వీధి పిల్లలు ఎగతాళి చేస్తే అవ్వ కర్ర తీసుకుని వెంటపడేదట.

"ఎవురు నేర్పించినారు నీకు ఆ మాట?"

ఆయన చెయ్యి ఆకు మీది నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మీ కొడుకమ్మా. నాకు తెలిసిన తెలుగంతా ఆయన నేర్పించిందే."

వీధిలో ఒక సైకిలు గంట మోగి దూరమైంది. అవ్వ ముందున్న పత్తిని నెమ్మదిగా పక్కకు జరిపింది.

"ఇంకేం నేర్పించినాడు? చెప్పు."

ఆయన చెప్పాడు. ఒక్కొక్క మాటా తలుచుకుని తలుచుకుని, బడిలో పాఠం ఒప్పజెప్పినట్టు. అన్నం. నీల్లు. వాన. ఆకలేస్తాంది. పోలా. సల్లే, చూస్తాంలే. అమ్మ. చెప్పు కలుస్తాంది, అంటే కరుస్తోందని. తెల్ల మీసాల నోట్లోంచి ఒక పాతికేళ్ళ కుర్రవాడి గొంతు మా హాల్లోకి నడిచొచ్చింది. ర ఉండవలసిన చోటల్లా ల. అవ్వ కళ్ళు మూసుకుని వింటోంది. చిన్నమ్మ పెరుగు గిన్నె రెండు చేతులతో పట్టుకుని, గోడకు ఆనుకుని, అట్లాగే నిలబడి ఉంది. ఆయన ఆగినప్పుడల్లా అవ్వ "ఊఁ" అనేది, కథ వినే పిల్లలాగా.

"నిద్లొస్తాంది," అన్నాడాయన చివరికి. "ఇది ఎప్పుడూ అనేవాడు."

"ఆమా," అని తలాడించింది అవ్వ. "నిద్దరంటే వానికి అంత ఇష్టం."

"చివర్న కూడా అనినాడా ఆ మాట?" అని అడిగింది చిన్నమ్మ. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత స్పష్టంగా వినడం నాకు అదే మొదలు.

ఆయన తమిళంలోకి మారాడు. వరిపొలాల్లో పోరు. ఆయన కాలు నలిగిపోయింది. మా చిన్నాయన ఆయన్ను వీపు మీద వేసుకుని, మోకాలి లోతు నీళ్ళలో పొలాలన్నీ దాటించి, ఒక గట్టు చాటున దించాడు. ఇంకొకడు వెనక పడి ఉన్నాడు. "నిద్లొస్తాంది. వాణ్ణి గూడా తెచ్చేసి పండుకుంటా," అని నవ్వి, వెనక్కి పోయాడు. అంతవరకే ఈయనకు తెలుసు. మళ్ళీ కళ్ళు తెరిచింది ఆసుపత్రి ఓడలో.

"అంటే, వాడు పడిపోయింది నువ్వు జూడలా," అంది అవ్వ.

"నేను చూడలేదమ్మా. కానీ మిగిలినవాళ్ళు చూశారు. అక్కడే పూడ్చారు కూడా."

ఆ రెండో మాట అవ్వ విననే లేదు. "జూడలా," అని తనలో తను అనుకుని, పత్తి మళ్ళీ ముందుకు లాక్కుంది.

పోయేటప్పుడు ఆయన వాకిట్లో చిన్నమ్మతో నెమ్మదిగా ఒక మాట చెప్పాడు. నవంబరులో మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన రోజున అందరూ స్మారకం దగ్గర చేరతారు. పోయినవాళ్ళ ఇంటి ఆడవాళ్ళు కూడా వస్తారు. పతకం గెలిచినవాడు దాన్ని ఎడమవైపు పెట్టుకుంటాడు. పోయినవాడి తరఫున భార్య పెట్టుకునేటట్టయితే కుడివైపు. "అది మీదమ్మా. పెట్టెలో ఉండాల్సింది కాదు," అన్నాడు.

ఆ వారమంతా చిన్నమ్మ వేరే లోకంలో తిరిగినట్టు తిరిగింది. పాలు పొంగిపోతున్నా చూడలేదు. ముగ్గులో గీత తప్పి, తప్పిన చోట కొత్త తీగ వేసి, మునుపు లేని ముగ్గు ఒకటి వేసింది. ఒక సాయంత్రం నన్ను పిలిచి, "నాకు సముద్రం జూడాలని ఉండాది, వస్తావా?" అంది. ఇంటికి అంత దగ్గరలో ఉన్న సముద్రాన్ని ఆమె చాలా ఏళ్ళుగా చూడలేదు. ఒడ్డున రాళ్ళ మీద కూర్చున్నాం. నీళ్ళూ ఆకాశమూ ఒకే బూడిద రంగులో కలిసిపోయాయి. చుక్కాని లేని పడవలో పోతున్నట్టు ఉంది.

"నేను పొయ్యేదే," అంది, నీళ్ళ వైపు చూస్తూ. "ఆ దినం పెట్టుకుని పొయ్యేదే."

ఇంట్లో ఆ మాట చెప్పగానే అవ్వ అన్నం తినడం మానేసింది. మా నాయన, అమ్మ అటూ ఇటూ తిరిగారు. అవ్వకు మడీ ఆచారమూ పట్టింపు కాబట్టి, ముండమోసిన కోడలు ఎద మీద మెరిసే వస్తువు పెట్టుకుంటే ఊరేమంటుందో అని భయపడుతోంది కాబోలనుకుని నేను పోయి వాదించాను. కాలేజీలో నేర్చిన మాటలన్నీ ఉపయోగించాను. అవ్వ నా వైపు చూడను కూడా లేదు. ఆమె చూస్తున్నది చిన్నమ్మ వైపు.

"నువ్వు దాన్ని పెట్టుకున్నావంటే వాడు పోయినట్టే," అంది. "పెట్టెలో ఉండాదని నాకూ తెలుసు. ఆడ ఉన్నంతసేపూ యాడో ఒకచోట ఉండాడు."

చిన్నమ్మ చాప మీద అవ్వ ఎదురుగా కూర్చుంది.

"అత్తా, ఆయన ఉండాడనుకుంటే, నా బొట్టు ఎందుకు తుడిచినారు?"

చూరు మీద పావురాలు కువకువలాడుతున్నాయి.

"ఊరు తుడిచింది," అంది అవ్వ. "నేను తుడవలా. ఆ దినం నేను లోపల తలుపేసుకున్యా. నువ్వు ఏడ్చింది విన్యా, తలుపు తియ్యలా. తీస్తే నేను గూడా ఒప్పుకున్నట్టు గదా, అని."

"నేను ఒక్కదాన్నే ఒప్పుకున్యా, ఇన్నేండ్లూ."

"ఆమా," అంది అవ్వ. మళ్ళీ, "ఆమా, బిడ్డా," అంది.

అవ్వ ఆమెను బిడ్డా అని పిలవడం నేనెప్పుడూ వినలేదు. చిన్నమ్మ లేచి వెళ్ళి కంచంలో అన్నం కలిపి తెచ్చింది. అవ్వ నాలుగు ముద్దలు తింది. "పో," అంది చేతులు కడుక్కుంటూ. "కానీ నాకు కనపడకుండా పో."

ఆ రోజు పొద్దున మబ్బుగా ఉంది. నవంబరంటే మాకు వాన. చిన్నమ్మ సన్న నేత తెల్ల చీర కట్టుకుంది. నేను పతకం కుడివైపు పెట్టి పిన్ను గుచ్చాను. ఆమె ఒక రాతి విగ్రహంలా నిలబడింది. అవ్వ పెరట్లో బావి దగ్గర అటు తిరిగి కూర్చుని ఉంది. మేము వీధి తలుపు గుండా బయటికి వచ్చాం. పక్కింటి ఆవిడ వాకిలి ఊడుస్తూ చీపురు ఆపి చూసింది. ఆమె కళ్ళు మొహం మీద కాక ఎద మీదే ఆగాయి. వీధి చివరి దాకా చూపులు మా వీపుకు తగులుతూనే ఉన్నాయి. చిన్నమ్మ తల దించుకోలేదు. కొంగు కుడి భుజం మీదికి లాక్కోబోయి, లాక్కోకుండా వదిలేసింది.

సముద్రపు ఒడ్డున కోట్లు వేసుకున్న ముసలివాళ్ళు వరసలో నిలబడి ఉన్నారు. మా సొల్దా ఆరోజు నిండు దుస్తుల్లో ఉన్నాడు. గాయపడినవాళ్ళకు ఇచ్చే ఎర్ర నక్షత్రం ఆయన గుండె మీద ఉంది. ఆయన మమ్మల్ని చూసి వరస లోంచి బయటికి వచ్చి, చిన్నమ్మను ఆడవాళ్ళ దగ్గరికి తీసుకుపోయి నిలబెట్టాడు. నల్ల గౌన్లలో కొందరు, చీరల్లో కొందరు. బూర ఊదారు. ఆ పాట పొడుగ్గా, నెమ్మదిగా, అలల మీదుగా పోయి ఎక్కడో ఆగింది. తరవాత ఎవరూ మాట్లాడని సమయం. ఆ కాసేపట్లో మబ్బు విడిచి ఎండ పడింది. చిన్నమ్మ కళ్ళు మూసుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి. ఆమె ఏమనుకుంటోందో నేను తరవాత కూడా అడగలేదు. తడిసిన వీధి మీది నుంచి ఆవిరి లేస్తుంటే, తెల్ల చీరలో ఆమె నేలకు కొంచెం పైన నిలబడినట్టు అనిపించింది నాకు.

ఇంటికి వచ్చేసరికి అవ్వ ముందు గదిలోకి వచ్చి కూర్చుని ఉంది. చిన్నమ్మ ఆమె ముందు వంగింది. అవ్వ చూపు అప్పటికే మందగించింది. చెయ్యి చాపి, తడిమి, పతకాన్ని పట్టుకుంది.

"వెచ్చగా ఉండాదే," అంది.

"ఎండలో నిలబడినా అత్తా. నా ఒంటి వేడి గూడా."

అవ్వ దాన్ని వదల్లేదు. చిన్నమ్మ పిన్ను తీసి ఇచ్చేసింది. అవ్వ దాన్ని చెంపకు ఆనించుకుని చాప మీద పక్కకు తిరిగి పడుకుంది. కాసేపటికి భుజాలు కదిలాయి. అంతకాలంలో అవ్వ తన కొడుకు కోసం ఏడవడం అదే మొదటిసారని మా నాయన తరవాత చెప్పాడు. చిన్నమ్మ ఆమె పక్కనే కూర్చుని వీపు నిమురుతూ ఉంది. బయట మళ్ళీ వాన మొదలై, ఇంటి నిండా తడిమట్టి వాసన నిండింది. వాళ్ళిద్దరూ అట్లాగే నిద్రపోయారు, ఒక చాప మీద.

తాత ఉన్నన్నాళ్ళూ చిన్నాయన తద్దినాన్ని సముద్రపు ఒడ్డున ఎవరికీ చెప్పకుండా చేసి వచ్చేవాడు. ఆ ఏడు మా ఇంట్లోనే పెట్టారు. అవ్వే దగ్గరుండి చేయించింది. కాకులకు పెరుగన్నం పెట్టి, అవి వాలేదాకా పెరట్లో నిలబడి, వాటితో ఏదో మాట్లాడింది. సొల్దాను పిలిచాం. ఆయన అప్పటి నుంచి మా ఇంటి మనిషే అయ్యాడు. ఆదివారాలు గుడి నుంచి నేరుగా వచ్చేవాడు. అవ్వ ఆయన చేత ఆ మాటలే మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేది. మేము ఎప్పుడైనా పెరుగు అని సరిదిద్దబోతే అవ్వ కోప్పడేది.

ఊరు కొంతకాలం గొణిగింది. మా కులం పెద్ద ఒకాయన అంగడికి వచ్చి నాయనకు హితవు చెప్పాడు. నాయన రిబ్బను చుట్టలు సర్దుకుంటూ, "ఆయమ్మ ఎవురికీ చెడు జెయ్యలేదు గదయ్యా," అని మాత్రం అన్నాడు. రెండేళ్ళలో గొణుగుడు ఆగిపోయింది. ముత్తియాల్‌పేట నుంచి ఇంకొక తెలుగావిడ, ఆమె మొగుడూ అక్కడే పోయాడట, సొల్దా ద్వారా మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆమె దగ్గరా ఒక పతకం ఉంది, బియ్యపు డబ్బాలో. చిన్నమ్మ ఆమెకు ఎక్కడ ఎట్లా గుచ్చాలో చూపించింది. ఆ నవంబరులో ఇద్దరూ చేతులు పట్టుకుని పోయారు. నెమ్మదిగా చిన్నమ్మ పెళ్ళిళ్ళకు పోవడం మొదలుపెట్టింది. లేత నీలం చీర ఒకటి కొనుక్కుంది. ఎవరూ కొనిపెట్టలేదు, తనే అంగళ్ళు తిరిగి ఎంచుకుంది.

అవ్వ 1980ల మొదట్లో పోయింది, ఒక మధ్యాహ్నపు కునుకులోనే. ఆ తరవాత సొల్దాకు ఊపిరి బాధ మొదలైంది. గోరిమేడులోని పెద్దాసుపత్రిలో చాలా రోజులు ఉన్నాడు. చిన్నమ్మ పొద్దున్నే టిఫిను క్యారియరుతో బస్సెక్కేది. చివరి రోజుల్లో ఆయనకు ఫ్రెంచీ, తమిళమూ కలగాపులగమయ్యాయి. ఒకసారి నేను కూడా ఉన్నాను. కిటికీలోంచి వేపచెట్టు గాలి వీస్తోంది. ఆయన కళ్ళు మూసుకునే, "చెల్లెమ్మా, ఆ గట్టు మీది గడ్డి ఎంత మెత్తగా ఉందో," అన్నాడు. చిన్నమ్మ, "అయితే కాసేపు ఆడనే పండుకో అన్నా," అంది.

కొద్ది రోజులకే ఆయన పోయాడు. పెళ్ళీ పిల్లలూ లేరు. సొల్దాలు పోతే, శవపెట్టె ముందు వాళ్ళ పతకాలను ఒక చిన్న మెత్త మీద పెట్టి మోసుకుపోవడం మా ఊరి వాడుక. మామూలుగా కొడుకో తమ్ముడో మోస్తాడు. ముసలి సొల్దాలు ఎవరు మోయాలా అని ఆయన గది వాకిట్లో మాట్లాడుకుంటుంటే, చిన్నమ్మ లోపలి నుంచి ఆ మెత్త తీసుకుని తనే బయటికి వచ్చింది. నీలం చీర కట్టుకుంది. కుడివైపు తన పతకం ఉంది. మా ఇళ్ళలో ఆడవాళ్ళు శ్మశానానికి పోరు. ఆమె ఎవరినీ అడగలేదు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆమె వెనక వరస కట్టారు.

ముత్తియాల్‌పేట వీధుల గుండా సమాధుల తోట దాకా ఆమె ముందు నడిచింది. ఆటోలు పక్కకు తప్పుకున్నాయి. చిన్న చిన్న పనిశాలల్లో ఇనుము కొట్టే చప్పుళ్ళు ఒకదాని తరవాత ఒకటి ఆగిపోతూ వచ్చాయి, మేము దాటాక మళ్ళీ మొదలవుతూ పోయాయి. మెత్త మీద ఎర్ర నక్షత్రం ఎండకు మెరిసింది. ఆమె నడక తొందర లేకుండా, నీళ్ళలో నడిచేవాళ్ళలా ఉంది. పాదిరి ప్రార్థన చదివాక ఆమె కూడా పిడికెడు మట్టి వేసింది. ఒక ముసలి సొల్దా ఆమె ఎదురుగా వచ్చి, మడమలు చేర్చి సెల్యూటు చేశాడు. ఏం చేయాలో తెలియక చిన్నమ్మ తల వంచింది. ఆ మెత్తను కారైక్కాల్ నుంచి వచ్చిన ఆయన దూరపు మేనల్లుడికి అప్పజెప్పింది.

బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. గేటు పక్కన ఒక కాఫీ అంగడి ఉంది. అక్కడ బల్ల మీద సొల్దాలు కూర్చుని ఉన్నారు, కోట్ల బొత్తాలు విప్పుకుని, టోపీలు ఒళ్ళో పెట్టుకుని. మమ్మల్ని చూసి జరిగి చోటిచ్చారు. చిన్నమ్మ ఒక క్షణం నా వైపు చూసి, వాళ్ళ మధ్యన కూర్చుంది.

"నాకు చక్కెర కొంచెం ఎక్కువ," అంది అంగడివాడితో.